తడి ఆరని బండ

లోచూపు అద్దాలు వచ్చాక జనం వంకాయలో పురుగుందో లేదో చూడటానికి కూడా అవే పెట్టుకుంటున్నారు. ప్రాణహిత ఒడ్డున రాళ్లు కొట్టే ఓదెలు మాత్రం వాటిని నమ్మడు. ఇసుకరాతి బండ మీద నీళ్లు పోసి ఆరనిస్తాడు. పగులు ఉన్నచోట తడి చివరిదాకా నిలుస్తుంది. అది చూశాకే సుత్తె ఎత్తుతాడు.

కొత్త గది గుమ్మం కింద వేసే కడపకు పెరట్లో బట్టలుతికే బండనే ఎంచుకున్నాడు. ఇవాళ దాటితే మళ్లీ మంచిరోజు లేదు. తలుపు చేసిన వడ్లాయన సాయంత్రం దాన్ని తెస్తానన్నాడు.

పెళ్లాం భూలక్ష్మి బండ మీద నీళ్లు పోయడానికి వంగింది. నెత్తిమీది అద్దాలు జారి కళ్లమీద పడ్డాయి. ఆమె అలాగే ఆగిపోయింది.

"ఓపారి నువ్వు సుత చూడు," అంటూ తీసి ఇచ్చింది.

బండ లోపల డైనోసార్ గుడ్లున్నాయి. ఒకదానిలో పిల్ల, తోక చుట్టుకుని, తల కాళ్లలో దాచుకుని ఉంది.

"ఎన్నడో రాయైనయే అవి. తడి ఆరనీ, కొడ్త."

"ఇన్నేండ్లు దీనిమీదనే బట్టలు బాదిన," అంది భూలక్ష్మి.

ఓదెలు సుత్తె పట్టుకుని పెరడంతా తిరిగాడు. అంచులు ఆరుతున్నాయి. ఆమె మళ్లీ బిందె వంచింది. అతను ఇంకో చుట్టు తిరిగాడు. బండ మళ్లీ ఆరబోయింది. మళ్లీ పోసింది.

సందులో వడ్లాయన బండి చప్పుడు వినిపించింది. బిందె ఖాళీ అయింది.

ఓదెలు సుత్తె కింద పెట్టి, బిందె అందుకుని, బోరింగు వైపు గబగబా నడిచాడు.