రేంజ్ తగ్గలే

"బాలన్నా, నా మీద కోపం జేసుకోకు. వైరు పీకుత," అన్నడు సుభాన్.

బాలయ్య కారుకు అడ్డం నిలబడ్డడు. సుభాన్ ఎలక్ట్రిక్ కారు నుంచి పోయిన వైరు బాలయ్య ఇంటి కిటికీలకెళ్లి లోపలికి పోయి, రేణుకమ్మకు ఆక్సిజన్ ఇచ్చే మిషన్‌ను నడిపిస్తుంది. గాలివానకు కోడేరు చుట్టూ స్తంభాలు పడి పొద్దుగాల్నుంచి కరెంటు లేదు. ఈ కారే లేకుంటే బాలయ్యకు భార్య అప్పుడే దక్కకపోతుండె.

"పీకితే మీ వదినె పోతది సుభాన్!"

"పీకకుంటే నా బిడ్డ ఫరా పోతది! దానికి నొప్పులు షురువైనయ్. కడుపుల బిడ్డ అడ్డం ఉన్నది, ఆపరేషనే అన్నరు. అంబులెన్స్ ఇంకో ఊర్ల ఉన్నదట. ఊర్ల ఉన్న ఒక్క ఆటో పెండ్లోళ్లతోని అచ్చంపేటకు పాయె. నేనేం జెయ్యాలె చెప్పు?"

బాలయ్య కిటికీ దిక్కు చూసిండు. "మీ వదినెను గూడ ఎక్కిద్దామా?" అన్నడు.

"బండి కదిలితే బయటికి కరెంటియ్యదన్నా. మిషన్ లేకుంటే వదినె పొలిమేర దాటదు."

ఇద్దరు కారు తెర దిక్కు చూసిండ్రు. రేంజ్ యాభై రెండు. అంటే ఉన్న చార్జింగ్‌తోని ఇంక యాభై రెండు కిలోమీటర్లే పోతది. నాగర్‌కర్నూల్ దవాఖాన ఇంచుమించు అంతే దూరం. దార్ల చార్జింగ్ పెడదామంటే అక్కడ గూడ కరెంటు లేదాయె.

"లైన్‌మన్ స్తంభం మీదనే ఉన్నడు. జరసేపట్ల ఇస్తనన్నడు. నీ కాళ్లు మొక్కుత తమ్మీ, జర ఆగు."

"ఫరా దగ్గరున్న ఆశా వర్కరమ్మ జర టైమున్నదన్నది కాబట్టి ఆగుతున్న. యాభైకి దిగితే మాత్రం ఆగనన్నా," అన్నడు సుభాన్. అంటుంటే ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

బాలయ్య లోపలికి పోయిండు. మంచం మీద రేణుకమ్మ కండ్లు తెరిచే ఉన్నది. కిటికీ పక్కనే మంచమాయె, అన్నీ విన్నది.

"ఎంత చూపిస్తుంది?"

"అది నీకెందుకే? ఊపిరి తీస్కో."

"సుభాన్ పరేషాన్ అయితుండు. పోయి పక్కన నిలబడు. తలుపు దగ్గరికెయ్యి, జర పండుకుంట."

బాలయ్య తలుపేసి బయటికొచ్చిండు. రేంజ్ యాభై ఒకటికి దిగింది. సుభాన్ చెయ్యి వైరు మీద పడ్డది. పక్కనే ఉన్న సుభాన్ ఇంట్లకెళ్లి ఫరా మూలుగు వినిపిస్తుంది. బాలయ్య ఆ అంకె దిక్కు రెప్పెయ్యకుండ చూస్తుండు.

యాభై ఒకటి. ఎంతసేపైనా యాభై ఒకటే!

"తగ్గుతలేదన్నా!" అన్నడు సుభాన్. "మా అమ్మీ దువా అల్లా విన్నడు. లేకుంటే ఇంతసేపు నిలబడుడేంది?"

"తల్లీ జోగులాంబా, రెండు పానాలను కాపాడినవ్," అని బాలయ్య అక్కడ్నే దండం పెట్టిండు. పొద్దుగాల్నుంచి పరేషాన్‌ల ఉన్న మనిషి, సంబురంతోని సుభాన్‌ను కావలించుకున్నడు.

అంతల ఊరంత ఒక్కటే కేక. కరెంటొచ్చింది!

సుభాన్ వైరు పీకిండు. ఫరాను ఆశమ్మ ఎనక సీట్ల పండవెట్టింది. "పైలంగ పోండ్రి! మీ వదినెకేం ఫికర్ లేదు!" అని బాలయ్య కారు మల్పు తిరిగేదాక చెయ్యి ఊపిండు.

ఉరికినట్టే లోపలికొచ్చి, మిషన్ ప్లగ్గు తీసి గోడ బోర్డుల పెట్టిండు. "రేణుకా, ఫరా పోయిందే! ఇంక నువ్వు నిమ్మలంగ పండుకో," అనుకుంట స్విచ్చేసిండు.

మిషన్ సప్పుడు చెయ్యలే. కరెంటు మళ్ల పోయిందా అని పైకి చూసిండు. ఫ్యాన్ తిరుగుతనే ఉన్నది.

వంగి చూస్తే మిషన్ బటన్ బంద్ చేసి ఉన్నది, దాని మీద చల్లబడ్డ రేణుకమ్మ వేలు ఉన్నది.