లోపలి పూత

"ఆ చెక్క పలకలు ఊడదీయొద్దమ్మాయ్! గోడ మీద పడుతుంది!"

మెర్విన్ అరుపుకి, పాత రెక్టరీ మేడమీది గదిలో టీ కప్పులతో నిలబడ్డ పదిమందీ ఉలిక్కిపడ్డారు. పాత కట్టడాలను పరిశీలించడానికి వచ్చిన నెస్టా మాత్రం చేతిలో ఉలి దించలేదు.

"పడితే మళ్ళీ కట్టడానికి మీరున్నారుగా, మెర్విన్ గారూ" అంది.

డెబ్బై ఐదేళ్ళ మెర్విన్‌ని ఊరంతా 'గోడ మెర్విన్' అంటుంది. తాపీ పనిలో చెయ్యెంతో, నోరూ అంతే. వెనకటి పాస్టర్లు కాపురమున్న ఈ బంగళాని చూడ్డానికి శనివారాల్లో ఎవరొచ్చినా చరిత్ర చెప్పేది అతనే. ముందువైపు ఏడు కిటికీలుండాలి, ఆరే ఉన్నాయి; ఏడోదాని చోటు ఈ గదిలో, ఆ పలకల వెనకే. "రెండొందల ఏళ్ళ కిందట కిటికీకింతని పన్ను వేశారండీ. ఆ పన్ను తప్పించుకోవడానికి ఒక కిటికీ పూడ్చేశారు. పన్ను మిగిలింది, బంగళాకి పన్ను ఊడింది!" అని ఇరవయ్యేళ్ళుగా అదే జోకు. ఇరవయ్యేళ్ళుగా అతని స్నేహితుడు గొర్రెల ఇద్వాల్ దానికి అదే నవ్వు.

ఇవాళ నెస్టా నవ్వలేదు. జేబులోంచి ఓ చిన్న వెండిరంగు రేకు తీసి చూపించింది.

"బయటివైపు, పూడ్చిన రాళ్ళ సందు సున్నంలో దొరికింది. పాలసీసా మూత. రెండొందల ఏళ్ళ కిందట పాలు సీసాల్లో పోసేవాళ్ళా అండీ?"

గది గొల్లుమంది.

"ఒరేయ్ మెర్విన్," ఇద్వాల్ నోట్లోని ఎండుద్రాక్ష రొట్టె మింగకుండానే అందుకున్నాడు. "ఆ కాలంలో ఆవులు సీసాలు పెట్టేవని చెప్పరా! మనవాళ్ళు నమ్ముతారు!"

మెర్విన్ మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. ఆ వెంటనే చెవుల దాకా ఎర్రబడింది.

"ఎవరు కట్టారో మీకు తెలుసు కదూ?" అంది నెస్టా మెల్లిగా.

"తెలుసు."

"ఎవరు?"

"నేనే."

ఇన్నేళ్ళు అబద్ధం చెప్పిన చోటే నిలబడి నిజం చెప్పాల్సి రావడంతో, మెర్విన్ ఎవరి కళ్ళలోకీ చూడలేక నేల పలకలకి చెప్పుకున్నాడు.

"ఇరవై మూడేళ్ళవాణ్ణి. అప్పటి పాస్టరు గారమ్మాయి ఎలినెడ్ ఈ కిటికీలో కూర్చునేది. నేను ఎదురుగా చర్చి ప్రహరీ కట్టేవాణ్ణి. ఆమెను చూస్తూ రాయి మీద రాయి పెట్టేసరికి గంట పట్టేది."

"అందుకా ఆ ప్రహరీ పాములా వంకర తిరిగింది!" అన్నాడు ఇద్వాల్. ఈసారి అతనొక్కడే నవ్వి, ఆపేశాడు.

"పాస్టరు గారు కనిపెట్టేశారు. 'ఆ కిటికీ నువ్వే పూడ్చెయ్యి, గంటగోపురం మరమ్మతు నీకే ఇస్తా' అన్నారు. ఒప్పుకున్నాను. బయట నిచ్చెన మీద నేను, లోపల ఆమె. నిలబడి చూస్తూనే ఉంది. ముందు నడుం, తర్వాత భుజాలు, చివరికి కళ్ళు. ఒక్కొక్క రాయీ పెట్టి మనిషినే పూడ్చేశాను. ఒక్కసారి కూడా ఆమె కళ్ళలోకి చూడలేదు."

టీ కప్పు పక్కన పెట్టి, మళ్ళీ అందుకున్నాడు.

"ఆ తర్వాతి సోమవారం ఆమె ఊరు వదిలి వెళ్ళిపోయింది. నేను గోపురం మీదున్నా. ఈ ఊరికి రోజుకి మూడే బస్సులు. కింద బస్టాపులో, వానలో పెట్టె పట్టుకుని నిలబడి పొద్దుటి బస్సు వదిలేసింది, మధ్యాహ్నం బస్సూ వదిలేసింది. సాయంత్రం బస్సెక్కింది. నా మొహం కనబడితే ఉమ్మేస్తుందని ఆ రోజంతా పిట్టగోడ వెనక వంగి కూర్చున్నాను."

"రెండు బస్సులు ఎందుకు వదిలేసిందిరా?" అన్నాడు ఇద్వాల్.

"ఏమో. ఊరు వదలబుద్ధి కాలేదేమో."

నెస్టా పలకల అంచుని వేలితో తట్టింది. "ఒక సంగతి అర్థం కావట్లేదు. బయట అంత చక్కగా కట్టారు. ఏ మేస్త్రీ అయినా మర్నాడు లోపలికొచ్చి, సందుల్లోంచి ఉబికిన సున్నం గీకి పూత పూస్తాడు. పలకలు ఆ పూత మీద కదా కొడతారు. ఇవి నేరుగా రాళ్ళ మీదే కొట్టారు."

పెళ్ళినాడు కూడా పని వదలని మెర్విన్‌కి ఈ మాట మిగతావాటన్నిటికంటే లోతుగా దిగింది.

"పూత పూయలేదమ్మా," అన్నాడు. "లోపలికొస్తే ఎదురుపడాలి. సిగ్గేసింది. జ్వరమని కబురు పెట్టి, పలకలు కొట్టించుకోమన్నాను. నా బతుకులో సగంలో వదిలేసిన పని ఇదొక్కటే. అందుకే తీయొద్దన్నాను. తీస్తే గోడ పడదు, నా పరువు పడుతుంది."

"అదెప్పుడో పడింది గానీ, తియ్యనీరా" అన్నాడు ఇద్వాల్, అతని భుజం మీద చెయ్యి వేసి.

మెర్విన్ తలూపాడు.

పలకలు కిర్రుమంటూ ఒక్కొక్కటే ఊడొచ్చాయి. వెనక గరుకు రాళ్ళు, వాటి మధ్య ఉబికి గడ్డకట్టిన సున్నం. మనిషి కళ్ళ ఎత్తులో మాత్రం ఆ సున్నాన్ని ఎవరో అరచేత్తో నున్నగా అలికారు. దాని మీద, పచ్చిగా ఉన్నప్పుడు వేలితో గీసిన అక్షరాలు.

"నువ్వే చదువమ్మాయ్, కళ్ళజోడు తేలేదు" అన్నాడు మెర్విన్. కళ్ళజోడు తాడుకి కట్టి అతని గుండెల మీదే వేలాడుతోంది.

నెస్టా దుమ్ము ఊది చదివింది:

"మెర్విన్, రేపు పూతకి లోపలికొస్తావుగా, అప్పుడు చదువు. ఈ గోడ మా నాన్నది, నీది కాదు. సోమవారం ఇద్దరం వెళ్ళిపోదాం. రెండు బస్సుల దాకా నీ కోసం చూస్తాను."