కొసరు గుడ్లు

గుడ్లావిడ గేటు తీయగానే కోడలు ఎదురెళ్లింది.

"పన్నెండులో పదే పిల్లలయ్యాయి. నువ్వు కొసరిచ్చిన రెండూ రాళ్లలా పడున్నాయి. పాడుగుడ్లు అంటగట్టడానికి మేమే దొరికామా?"

గుడ్లావిడ గంప దించలేదు.

"అవి వేరే రకమమ్మా. ఇరవై ఒక్క రోజులు చాలవు. ఇంకో వారం బల్బు ఆర్పకు."

కోడలు నమ్మలేదు. నిజానికి ఆమె కోపం గుడ్ల మీద కాదు.

మొదటిరోజు పది గుడ్లు లెక్కపెట్టి ఇచ్చాక, ఈ మనిషి పాప వైపే చూస్తూ నిలబడిపోయింది. పాకుతోందా అని అడిగింది. పెరటి గోడ కింద నీళ్లుపోయే తూము వైపు వంగి చూసింది. తర్వాత కొంగుముడి విప్పి ఆ రెండు గుడ్లూ తీసింది.

పరాయి మనిషి బిడ్డను అలా కళ్లార్పకుండా చూస్తే ఏ తల్లికి బాగుంటుంది? అసలే పాప పాకడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ కోడలి ప్రాణం అరచేతిలో ఉంది.

"ఇక మా గేటు తీయకు," అంది.

గుడ్లావిడ నెత్తిమీది గంప సర్దుకుని వెనుదిరిగింది. వెళ్తూ వెళ్తూ పాపను మరోసారి చూసింది.

ఆ రెండు గుడ్లూ పారేద్దామనుకుంటూనే కోడలు పనుల్లో పడిపోయింది. మొగుడు చేసిచ్చిన థర్మాకోల్ పెట్టెలో, కోడిపిల్లల కోసం వెలుగుతున్న బల్బు కిందే అవీ ఓ మూల ఉండిపోయాయి.

ఇరవై ఏడోరోజు అత్తగారు కేకేసింది.

"అమ్మాయ్, నీ రాళ్లు కూస్తున్నాయే."

చారల ఒళ్లు, ఎర్రటి కాళ్లు. పెరిగేకొద్దీ బూడిదరంగు మీద తెల్లచుక్కలు వచ్చాయి, తల బోడి అయింది. ఇవి గిన్నికోళ్లు, నోరు మూసుకోవడం తెలియని జాతి అని అత్తగారు తేల్చేసింది. కుక్కర్ కూసినా, పిల్లి తుమ్మినా పెరడు ఎగిరిపోయేది. ఇవి వచ్చాక నీ అరుపులు వినపడటం లేదని మొగుడు వేళాకోళమాడాడు.

ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంది కోడలు. కానీ అవి అరిస్తే చాలు, పాప చప్పట్లు కొట్టేది. పది కోళ్లతో పాటు అవీ మందలో కలిసిపోయాయి.

రెండునెలలు గడిచాయి. పాపకు ఇంకా నిలబడటం రాలేదు.

ఓ మధ్యాహ్నం కోడలు బట్టలారేస్తుంటే గిన్నికోళ్లు అందుకున్నాయి. మామూలేననుకుని ఇంకో చొక్కా దులిపింది. అవి ఆపలేదు.

వెనక్కి తిరిగింది.

కోళ్లన్నీ మెట్లెక్కేశాయి. గిన్నికోళ్లు మాత్రం రెక్కలు విప్పి పాపకీ తూముకీ మధ్య నిలబడి గొంతులు చించుకుంటున్నాయి. తూములోంచి మూరెడు బయటికొచ్చిన పాము, తల తిప్పుకుని వెనక్కి జారిపోయింది.

పాపను ఎత్తుకుని మెట్లమీద కూలబడ్డాక గానీ, బట్టలక్లిప్పు ఇంకా తన పళ్లమధ్యే ఉందని కోడలికి తెలియలేదు.

సాయంత్రానికి మొగుడు తూముకి ఇనుపజాలీ బిగించాడు. తెల్లారగానే ఆమె పాపను చంకనెత్తుకుని సంతకెళ్లింది. గుడ్లావిడ కూర్చునే చోట ఖాళీ గోనెపట్టా ఉంది.

పక్కన కూరలమ్మే ముసలమ్మ, ఆమె పోయి పదిరోజులైందని చెప్పింది. రెండురోజుల జ్వరమట.

కోడలు పాపను చంక మార్చుకుని, ఆ రెండు గుడ్ల సంగతి అడిగింది.

"తూమున్న ఇంటి పాప ఈ పిల్లేనా?" ముసలమ్మ పాప బుగ్గ నిమిరింది. "మీరు గేటు తీయొద్దన్నా, రోజూ మీ వీధినే వచ్చేది. గోడవతల గిన్నికోళ్ల అరుపు వినపడిన రోజు నవ్వుతూ గంప దించేది."

"ఆ గుడ్లు అందరికీ ఇచ్చేదా?"

"అవి అమ్మేది కాదమ్మా. పాకే బిడ్డ కనపడిన ఇంట్లో కొసరు పెట్టి వచ్చేది... తన పాప, అలాంటి తూము పక్కన ఆడుకుంటూ పోయిన దగ్గర్నుంచీ."