పెద్ద ఫ్రీవీలు

"ఎనుక చక్రం పండ్ల ఫ్రీవీలు తీసి చిన్నది ఎయ్యి నరేశ్," అన్నాడు లింగమూర్తి, సూరత్‌లోని నవాగామ్ సైకిలు దుకాణం ముందు దిగుతూ.

"పెద్దది నువ్వే ఏపిచ్చుకుంటివి గదనే కాకా? రాజమల్లు కాక మోకాళ్ల నొప్పికి తొక్కుడు అల్కగుండాలని ఏపిచ్చుకుంటే, నాగ్గూడ గదే కావాలంటివి."

"దీనితోని కాళ్లెంత తిప్పినా సైకిలు నిమ్మళంగనే పోతది. అప్పుడు పనికి జోడుగ పోయేటోళ్లం. మిల్లుల బట్ట నేసే లూముల మోతల మాట వినపడకపాయె, తొవ్వల్నే మా ముచ్చట. ఆయన సూరత్ ఇడిసిపెట్టి ఊరికి పోయిండు. ఇగ ఎవరికోసం నిమ్మళం?"

నరేశ్ పానా అందుకున్నాడు. "చిన్నదేస్తే గవే కాళ్లతోని జల్ది రూముకు చేరుతవ్ తియ్."

లింగమూర్తి చెయ్యి జేబులోని రూము తాళంచెవికి తగిలింది. ఇన్నాళ్లూ అది తనతోపాటు అదే రూములో ఉన్న రాజమల్లు దగ్గరే ఉండేది.

"ఉండనియ్ నరేశ్. గాలి కొట్టు, చాలు."