తొమ్మిదో అధ్యాయం

ఒతీలియాకి మామగారు డాన్ ఫెర్మీన్‌తో ఒకే ఇంట్లో నెగ్గుకురావడం కన్నా పాదిరి ముందు రోజుకి మూడుసార్లు పాపాలు ఒప్పుకోవడం సులువు. పాదిరి కనీసం క్షమిస్తాడు. ఈయన చిక్కుడు గింజల్లో ఉప్పునీ, పేపర్లో వ్యాకరణాన్నీ, ఆ పాదిరి ప్రసంగాన్నీ కూడా దిద్దుతాడు. తను పొరబడ్డానని మాత్రం ఎనభయ్యేళ్ళు వచ్చినా ఒక్కసారీ ఒప్పుకోలేదు.

ఇవాళ కాఫీ తోటలో, గింజలు కడిగే పాత తొట్టి వెనక కుర్చీ వేయించుకుని, గొయ్యి తవ్వేవాళ్ళని చూసి నవ్వుతున్నాడు.

"ఏదో కాలక్షేపానికి నవల రాసుకుంటే, దాన్ని పట్టుకుని నేల తవ్వుతారా? అంతా కల్పన తల్లీ!"

"చూద్దాం తాతా," అంది ఇర్మా. ఎముకల పరిశోధకురాలు, రాజధాని నుంచి వచ్చింది. ఒక చేతిలో బ్రష్షు, ఇంకో చేతిలో ఆ నవల.

సైన్యం ఊరి మగాళ్ళందరిచేతా తుపాకులు పట్టించి కాపలా కాయించిన రోజుల్లో, ఒక రాత్రి ఆరుగురు మాయమయ్యారు. ఎన్ని చోట్ల తవ్వినా రాళ్ళే తగిలాయి. ఏ రికార్డులోనూ ఆ రాత్రి లేదు. నవల తొమ్మిదో అధ్యాయంలో మాత్రం ఉంది.

ఆ ఆరుగురిలో ఒకడు ఒతీలియా తమ్ముడు అన్సెల్మో. మంచంపట్టిన తల్లి, "వాడి ఎముకొక్కటి తెచ్చిపెట్టవే, పాతిపెట్టి పోతాను" అంటోంది.

ఇర్మా పైకి చదివింది. "ముందు సున్నం పొర."

పార తెల్లగా పైకొచ్చింది.

"దాని కింద పగిలిన పెంకులు."

పార టక్కుమంది. తవ్వేవాళ్ళు టోపీలు తీశారు. తోటలో ఒక్క పిట్టా కూయడం లేదు. సాంబ్రాణి పొగ గోతి మీదనుంచి కదలనంటోంది.

"ఎర్రదారపు నడికట్టు."

మట్టిలోంచి ఇర్మా వేళ్ళు దాన్ని మెల్లగా లాగాయి. ఒతీలియా గుర్తుపట్టింది. అది వాళ్ళమ్మ నేసిందే.

"ఇదంతా మీకెలా తెలిసింది మావయ్యా?"

"ఏమోనమ్మా. రాస్తుంటే పక్కన ఎవరో కూర్చుని చెప్తున్నట్టే ఉండేది."

చనిపోయినవాళ్ళే చెప్పారనుకుంది ఆమె. మోకాళ్ళ మీద కూలబడి ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుంది. "మీ పుణ్యమే మావయ్యా. మీవల్లే మా వాడు దొరికాడు."

ఆయన చెయ్యి చల్లగా ఉంది.

"అక్షరం పొల్లుపోలేదు తాతా," అంది గోతిలోంచి ఇర్మా. "ఒక్కచోటే తేడా. చేతులు ముందుకి కట్టినట్టు రాశారు. ఇక్కడ తాడు వీపు వైపుంది."

డాన్ ఫెర్మీన్ వంగి, గోతిలోకి చూశాడు.

"పొరబడ్డాను తల్లీ, వెనక్కే కట్టాను."