పేరు పెట్టి పిలవాలి

“గట్టిగా పిలవవే! మొగుణ్ణి పిలుస్తున్నావా, కోడిపిల్లల్నా?”

అత్త హసింతా కసిరింది. దొమితీలా చేతిలో క్రిసాంతో చొక్కా ఉంది. ఉతకని చొక్కా. చెమట వాసన ఉంటేనే ప్రాణం తన ఒంటిని గుర్తుపడుతుంది. మొన్న ఈ పాత గుడి దిబ్బ మీద ఆకు కోస్తుంటే కాళ్ళ కింద రాళ్ళు జారి, దొంగలు తవ్విన గోతిలో పడ్డాడు క్రిసాంతో. దెబ్బ తగల్లేదు గానీ దడుసుకున్నాడు. ఒళ్ళు ఇంటికొచ్చింది, ప్రాణం ఇక్కడే ఉండిపోయింది. అప్పట్నించీ తిండి లేదు, మాట లేదు, కళ్ళు తెరవడు. పిలిచి తీసుకెళ్ళకపోతే ఆ ఒళ్ళు కూడా ఎన్నాళ్ళో నిలవదు.

“ఒక్కమాట విను,” అంది అత్త, సాంబ్రాణి నిప్పు ఊదుతూ. “నీ నోట ఇంకో పేరు రాకూడదు. ఎవర్ని పిలిస్తే వాడే వస్తాడు.”

ఆ ఇంకో పేరు నికసియో. అత్తకి పెద్దకొడుకు, దొమితీలాకి మొదటి మొగుడు. ఈ గోతిలోనే మట్టి మీద కూలి చచ్చిపోయాడు. శవం కూడా దొరకలేదు. ఆ తర్వాత చిన్నకొడుకు క్రిసాంతోకిచ్చి మళ్ళీ పెళ్ళి చేసింది అత్తే.

“నేనేమైనా పిచ్చిదాన్నా అత్తా?”

“వాడి పేరెత్తితే నీ మొహం ఏమైపోతుందో నాకు తెలీదనుకున్నావా?”

దొమితీలా గోతి వైపు తిరిగింది. చెట్ల వేళ్ళ సందున గొయ్యి నల్లగా కనిపిస్తోంది. మిరపకాయ కొరికి, కళ్ళనీళ్ళు కారుతుంటే నవ్వే నికసియో గుర్తొచ్చాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ మనిషిని చూస్తే చాలు! పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టింది. ఇంట్లో పడున్నవాడు ఏం పాపం చేశాడు?

చొక్కాతో నేలని కొట్టింది. “క్రిసాంతో! రా, ఇంటికి పోదాం! క్రిసాంతో!”

గొంతు పగిలేలా పిలిచి, చొక్కా మడిచి గుండెకి హత్తుకుంది.

“ఇక నడువు. వెనక్కి చూశావంటే వచ్చినవాడు వచ్చినట్టే పోతాడు. నేను నిప్పు ఆర్పి వస్తా.”

దొమితీలా తిరిగి చూడకుండా నడిచింది. వెనక అత్త ఏదో గొణగడం వినిపించింది. ప్రార్థన కాబోలు, ముసలిదానికి ప్రార్థనలెక్కువ. దారి పొడుగునా దొమితీలా చొక్కాతో మాట్లాడుతూనే ఉంది. “వాగు వచ్చింది, చూసి దాటు. ఇదిగో, మన మొక్కజొన్న చేను.”

ఇంటికొచ్చి చొక్కా అతని గుండెల మీద పరిచింది. కాసేపటికి అతను కళ్ళు తెరిచాడు.

“ఆకలేస్తోంది.”

దొమితీలా ఏడుస్తూ వేడి రొట్టె చేతిలో పెట్టింది. అతను మిరపకాయ అడిగాడు. క్రిసాంతో ఎన్నడూ మిరపకాయ ముట్టి ఎరగడు. అయినా ఇచ్చింది. కొరికాడు. కళ్ళనీళ్ళు కారుతుంటే నవ్వాడు. ఇల్లంతా కలయజూశాడు.

“తలుపు ఇటువైపు ఎప్పుడు పెట్టారు దొమీ?”

ఆ తలుపు మార్చింది క్రిసాంతోనే, పెళ్ళయ్యాక.

దొమితీలా గుమ్మం వైపు తిరిగింది. “అత్తా! దేవుడి మీద ఒట్టు, నేను ఆ పేరు పిలవలేదు!”

అప్పుడే వచ్చిన అత్త గుమ్మంలోనే కూలబడింది.

“నేను పిలిచానే తల్లీ… ఒక్కసారే.”