ఒక్క గుటక

వాణి మొదటి గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టింది. నల్లగా ఉంది. అంచు దగ్గర మాత్రం సన్నటి ఎర్ర జీర. వాసన చూసింది. ఒక్క గుక్క నోట్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కాళ్ల దగ్గరున్న స్టీలు బకెట్లో ఉమ్మేసింది.

ఎదురుగా నిలబడ్డ పెంచలప్రసాద్ మొహం మాడిపోయింది. ఆ బీరు తయారుచేసింది అతనే.

"ఏంది మేడమ్, మా సరుకు ఉమ్మేస్తా ఉండారు?"

"మింగేంత ఏముంది ఇందులో?" అంది వాణి, కాగితం మీద అంకె వేస్తూ. "ఇరవై రెండు."

బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున, రొయ్యల గుంటలు అమ్మేసి విజయభాస్కర్ కట్టిన రిసార్టు అది. బీరు అక్కడే తయారుచేసి అమ్ముతారు. మామూలు బీరు బాగానే పోతోంది. మాడేదాకా వేయించిన బార్లీతో చేసే నల్ల బీరు, పోర్టర్ అంటారు దాన్ని, అదే ట్యాంకుల్లో ఉండిపోతోంది. జనానికి అలవాటు లేకనా, సరుకు బాగాలేకనా? తేల్చమని వాణిని పిలిపించాడు. పెద్ద బీరు కంపెనీలో పదకొండేళ్లు రుచి చూసే పని చేసిన మనిషి. ఆ ఉద్యోగం వదిలి ఏడాది దాటింది. ఫోన్ చేస్తే మొదట రానంది. మూడోసారికి ఒప్పుకుంది.

"నాలుగు రకాలు చేసినావు. ఒక్కదానికన్నా యాభైకి ముప్పై రావాల. రాకపోతే నల్ల బీరు ఆపేస్తా, నువ్వు ఇంకో పని చూసుకో" అని విజయభాస్కర్ ఆ పొద్దున్నే పెంచలప్రసాద్‌తో తేల్చి చెప్పాడు. చెన్నైలో ఉద్యోగం మానుకుని, పెళ్లాంబిడ్డలతో కావలిలో కాపురం పెట్టి అతనికి ఎనిమిది నెలలే అయింది.

వాణి రెండో గ్లాసు తీసుకుంది. ఉమ్మేసింది.

"నీళ్లు ఏ బోరువి?"

"ఇక్కడివే. శుద్ధి చేసే వాడతాం."

"చాల్లేదు. ఉప్పు తెలుస్తోంది. పంతొమ్మిది."

పెంచలప్రసాద్ యజమాని వైపు తిరిగాడు. "చూడన్నా, ఇంట్లో కూరకు ఉప్పు చూసినట్టు చూస్తా ఉండాది."

"కూరయితే ఈపాటికి కుక్కకు పెట్టేదాన్ని" అంది వాణి, తలెత్తకుండానే.

మూడోది తాటిబెల్లం వేసింది. దాన్ని నోట్లో ఎంతోసేపు ఉంచలేదు.

"ఇది బీరా, పానకమా? ఇరవై ఒకటి."

నాలుగోది ఏమీ కలపని ఉత్త పోర్టర్. వాణి దాన్ని రెండుసార్లు వాసన చూసింది. మిగతా వాటికంటే ఎక్కువసేపు నోట్లో ఉంచింది. ఆమె ఉమ్మేసింది. మంచినీళ్లతో రెండుసార్లు పుక్కిలించింది.

"ఇరవై ఎనిమిది."

విజయభాస్కర్ కుర్చీలోంచి లేచాడు. "సరే, అయిపోయింది పెంచలా. నెలాఖరు దాకా ఉండు."

వాణి బ్యాగు భుజాన వేసుకుంది. పెంచలప్రసాద్ దారికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఆగండి మేడమ్. వైనయితే ఉమ్మేస్తారు. బీరుకు మార్కులేసేవాళ్లు ఎవురూ ఉమ్మరు. దాని చేదు గొంతు దిగినాకనే తెలిసేది. ఆ నాలుగోదాంట్లో నా పనంతా ఆడనే ఉండాది. పదకొండేళ్లు చేసినారంట, ఇది తెలీదా మీకు?"

వాణి బ్యాగు పట్టీ సర్దుకుంది.

"తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"మరి నా కూడు తీసేసే ముందు ఒక్క గుటక మింగలేరా? మా చెయ్యంటే అంత రోతా?"

"పోనీ పెంచలా, ఇంక వదిలెయ్. మేడమ్ వేసిందే మార్కు" అన్నాడు విజయభాస్కర్. "కారు రెడీగా ఉందమ్మా, మీరు బయల్దేరండి."

వాణి గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగి, చేతిలోని కాగితం చూసుకుంది. నాలుగోదానికి రుచి కింద ఇరవైకి పదకొండు వేసింది. గొంతు దిగాక ఎలా ఉంటుందో కూడా ఆ పదకొండులోనే ఉండాలి. అది తను చూసి వేసింది కాదు. ఊహించి వేసింది.

వెనక్కి వచ్చింది. నాలుగో గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది.

"విషమేం కాదులే మేడమ్" అన్నాడు పెంచలప్రసాద్ వెటకారంగా.

మింగింది.

కళ్లు మూసుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత కుర్చీలో కూర్చుని, పదకొండు కొట్టేసి పదిహేడు వేసింది.

"ముప్పై నాలుగు" అంది. "చేదు చివర్లో వస్తోంది, నిదానంగా. మంచి బీరు. మిగతా మూడూ పారబోయండి."

విజయభాస్కర్ కాగితం అందుకుని చూశాడు. "బతికిపోయినావు పెంచలా."

"ఇదేదో మొదటే చేసుంటే ఇంత రచ్చ ఉండేదా?" పెంచలప్రసాద్ కోపం ఇంకా చల్లారలేదు. "ఉమ్మేటప్పుడు చూడాల ఆ పొగరు!"

వాణి ఆ మాట విన్నట్టు లేదు. గ్లాసులో మిగిలింది తాగేసింది. ఖాళీ గ్లాసును అతని వైపు జరిపింది.

"ఇంకొంచెం పోయండి."

"చూసినావా అన్నా! రుచి తగిలినాక వదల్లేకుండా ఉండాది" అంటూ పెంచలప్రసాద్ జగ్గు ఎత్తి నిండా పోశాడు.

తాగుడు మానేసిన వాణికి అది నాలుగు వందల పన్నెండో రోజు.